కనుమ నాడు, కౌశిక గట్టు మీద

కనుమ నాడు కాకి కూడా కదలదంటారు గానీ, కోనసీమలో మా గంగలకుర్రులో కనుమ నాడు దేవుడితో సహా అందరూ బయల్దేరతారు. తెల్లారకుండానే మేళం మొదలైంది. నేను దుప్పటి ముసుగు తీసేసరికి అమ్మ అప్పటికే మినప్పప్పు రుబ్బేసి, గారెల మూకుడు ఎక్కడుందో కనపడక వదిన మీద చిరాకు పడుతోంది. కనుమకి మినుము తినాలి కాబట్టి గారెలు తప్పవు. కోడికూర మాత్రం ఇవాళ లేదు. ప్రభ తీర్థానికి వెళ్ళొచ్చేదాకా మా ఇంట్లో నీచు ముట్టరు, అది రేపు ముక్కనుమకి. మా ఆయనకి పెళ్ళయిన ఇన్నేళ్ళకీ ఈ విషయం మింగుడు పడదు.

హైదరాబాద్ నుంచి ప్రయాణం గురించి పెద్దగా రాయను, అందరూ పడ్డ పాట్లే. పంతంగి టోల్‌గేటు దాటేసరికే ఓపిక అయిపోయింది, సిద్ధాంతం వంతెన ఎక్కేసరికి తెల్లారింది, వశిష్ఠ గోదావరి మీద మంచు తప్ప నీళ్ళు కనపడలేదు. రావులపాలెం వచ్చాక మా ఆయన ఏసీ ఆపి అద్దాలు దించేశారు, పాప నిద్రలేచి "అమ్మమ్మ వాళ్ళూరి వాసన" అంది. పేడా, తడి కొబ్బరి డొక్కలూ కాలుతున్న వాసన, అంతే.

తీర్థం సంగతి తెలియని వాళ్ళకోసం కొంచెం చెప్తాను. మా చుట్టుపక్కల పదకొండు ఊళ్ళ శివుళ్ళు, ఏకాదశ రుద్రులంటాం, కనుమ మధ్యాహ్నం మొసలపల్లి దగ్గర జగ్గన్నతోటలో కలుస్తారు. అక్కడ గుడీ గోపురం ఏమీ ఉండదు, ఉత్త కొబ్బరితోట. వెదురుతో కట్టి, రంగు బట్టలూ దారాలూ వరికంకులూ నెమలి పింఛాలూ అలంకరించిన ప్రభల మీద దేవుళ్ళని ఎక్కించి భుజాల మీద మోసుకెళ్తారు. వ్యాఘ్రేశ్వరుడి ప్రభ వచ్చినప్పుడు మిగతా ప్రభలన్నిటినీ ఒకసారి పైకెత్తి మర్యాద చేస్తారు. దేవుళ్ళలోనూ పెద్దా చిన్నా ఉన్నారు మరి. 2023 రిపబ్లిక్ డేకి ఢిల్లీ పరేడ్‌లో మన రాష్ట్ర శకటం ఈ ప్రభల తీర్థమే. ఆ వీడియో ఆ ఏడాది నాకు ఎంతమంది పంపారో! చూడటానికి బాగానే ఉంది గానీ చక్రాల మీద నున్నగా వెళ్ళిపోయే ప్రభ ప్రభలా అనిపించలేదు, అది ఊగాలి, ఒక పక్కకి ఒరిగితే కింద ఉన్నవాళ్ళు కేకలు వెయ్యాలి.

మా ఊరి ప్రభ పది గంటలకల్లా మా వీధిలోకి వచ్చేస్తుందన్నారు. అందరం స్నానాలు చేసి, కొబ్బరికాయా హారతి పళ్ళెం సిద్ధం చేసుకుని అరుగు మీద కూర్చున్నాం. పది దాటింది, పదకొండు దాటింది. మేళం ఒకసారి దగ్గర్లో వినపడి మళ్ళీ దూరంగా పోయింది. ఎవరో వచ్చి చెరువు దగ్గర ఆగిందండీ అని చెప్పి వెళ్ళారు. నాన్న పడక్కుర్చీలో, అత్తయ్య స్తంభానికి ఆనుకుని, అమ్మ గుమ్మంలో, నేను పాప జడ విప్పి మళ్ళీ వేస్తూ. ఎవరూ ఏమీ మాట్లాడట్లేదు. నాన్న మధ్యలో "కొబ్బరి దింపు తీసేవాళ్ళు దొరకట్లేదమ్మా ఈమధ్య" అన్నారు. ఎవరూ జవాబు చెప్పలేదు, ఆయనా ఎదురుచూడలేదు. కాసేపటికి అత్తయ్య ఎవరి గురించో చెప్పబోయి పేరు గుర్తురాక ఊరుకుంది.

హైదరాబాద్‌లో రోజూ రాత్రి వీడియో కాల్ చేస్తాను. తిన్నారా, బీపీ మాత్ర వేసుకున్నారా, అక్కడ వానలా, పాప ఏం చేస్తోంది, ఇవన్నీ అయిపోయాక ఏదో ఒకటి మాట్లాడాలి, లేకపోతే ఫోన్ పెట్టెయ్యాలి. మాట్లాడకుండా ఊరికే కాల్‌లో కూర్చోవడం మా ఎవరికీ చేతకాదు, నాన్నకైతే అసలు కాదు, "సరే అయితే" అని కట్ చేసేస్తారు. ఇక్కడ అదే మనిషి పక్కన రెండు గంటలు కూర్చుంటే నాలుగు మాటలు కూడా అనలేదు, ఒక్కసారి కూడా లేవలేదు. సెలవు పెట్టి, టోల్‌గేట్ల దగ్గర గంటలు గంటలు పడిగాపులు కాసి నేను వచ్చేది దీనికేనేమో అనిపించింది. పండగ పిండివంటలు పార్సెల్లో కూడా వస్తాయి, ఆ కొరియర్ అతను నన్ను గుర్తుపట్టేంతగా వచ్చాయి.

మా ఆయన మాత్రం పెరట్లో, బావి దగ్గర సిగ్నల్ బాగుందని ల్యాప్‌టాప్ పట్టుకుని నిలబడ్డారు. అమెరికా వాళ్ళకి కనుమ లేదు కదా. అవతలివాళ్ళు ఆ చప్పుడేంటని అడిగితే పెళ్ళి అని చెప్పారట.

ప్రభ వచ్చేసరికి పన్నెండు. అమ్మ బిందెడు నీళ్ళు ధారగా పోసింది, నాన్న కాయ కొట్టారు. మోసేవాళ్ళలో సగంమంది నాలాగే భోగికి దిగినవాళ్ళే, బెంగళూరు, హైదరాబాద్, ఒకబ్బాయి పుణె. అన్నయ్య భుజం మీద తువ్వాలు మడత పెట్టుకున్నాడు, అయినా మొహం అప్పటికే కందిపోయింది. వెనకాలే మేమూ నడిచాం. ఊరు దాటాక పచ్చటి వరిచేలోంచే వెళ్తారు, గట్టు వెంబడి కాదు. చేను తొక్కారని ఏ రైతూ ఏమీ అనడు, దేవుడు నడిచిన చేను బాగా పండుతుందని నమ్మకం. నేను మాత్రం గట్టు మీదే నడిచాను, చీర సంగతి చూసుకోవాలి కదా.

కౌశిక కాలవ దగ్గర వంతెన మీదుగా వెళ్ళరు. ప్రభతో సహా కాలవలోకి దిగిపోతారు. నడుం దాటిన నీళ్ళు, కింద బురద, పైన అంత బరువు, అటూ ఇటూ గట్ల మీద ఇసకేస్తే రాలని జనం, "అశ్శరభ శరభ" అని ఒకటే కేకలు. మధ్యలో ఒకసారి ప్రభ కుడివైపుకి ఒరిగింది. నా గుండె ఝల్లుమంది. పక్కన ఎవరో పెద్దాయన తాపీగా "ఏం కాదండీ, ప్రతీసారీ అక్కడ అలాగే ఒరుగుద్ది" అన్నారు. అవతలి గట్టు ఎక్కించాక అన్నయ్య కోసం వెతికితే కనపడలేదు, అందరూ ఒకేలా బురదతో ఉన్నారు.

తోటలో పాపకి జీళ్ళూ, ఖర్జూరం పొట్లం, ఇంటికి వెళ్ళేలోపే విరిగిపోయే ప్లాస్టిక్ ట్రాక్టరూ కొన్నాను. మిగతా ప్రభలన్నీ వరసగా చూడాలనుకున్నాను గానీ జనంలో రెండో మూడో చూసి కాళ్ళు నొప్పులని వచ్చేశాం.

రాత్రి అన్నయ్య భుజానికి వదిన కొబ్బరినూనె వేడి చేసి రాస్తుంటే, "రేపు తెల్లారుజామునే బయల్దేరితే టోల్‌గేట్ల దగ్గర రద్దీ తప్పుతుంది" అన్నారు మా ఆయన. కోడికూర తినకుండా కారెక్కేది లేదని చెప్పేశాను. సరేనన్నారు, చాలా తొందరగా.