బీటెక్ మొదట్లో సైంటిఫిక్ కాలిక్యులేటర్ నేర్చుకున్న తీరు – నా అనుభవం

ఇంటర్ ఎంపీసీ చదివినవాళ్లకి కాలిక్యులేటర్ అలవాటే ఉండదు. ఎంసెట్‌కైనా (ఇప్పుడు దాని పేరు ఈఏపీసెట్) జేఈఈకైనా దాన్ని లోపలికి రానివ్వరు, ఇంటర్ పరీక్షల్లో లాగరిథమ్ టేబుల్స్‌తోనే నెట్టుకొస్తాం. బీటెక్‌లో చేరగానే మాత్రం ‘రేపటి నుంచి అందరి దగ్గరా సైంటిఫిక్ కాలిక్యులేటర్ ఉండాలి’ అనేస్తారు. ఎలా వాడాలో ఎవరూ చెప్పరు, అది అందరికీ పుట్టుకతోనే వచ్చేస్తుందని అనుకుంటారేమో. నేను ఈఈఈ, అంటే ఎలక్ట్రికల్ బ్రాంచ్. ఒక సీనియర్ అన్న దగ్గర కాసియో ఎఫ్ఎక్స్-991 ఎంఎస్ సగం రేటుకి తీసుకున్నా, మాన్యువల్ లేకుండా.

ఆన్ చేసి సైన్ 30 కొట్టాను. 0.5 రావాలి కదా, 0.4539904997 వచ్చింది. డబ్బా పోయిందనుకునేలోపు డిస్‌ప్లే పైన చీమంత ‘జీ’ అక్షరం కనిపించింది. అదేంటో తెలుసుకుంటే గ్రేడియన్ అని తేలింది, అందులో లంబకోణం అంటే 90 కాదు, 100. అంటే 30 గ్రేడియన్లు మన లెక్కలో 27 డిగ్రీలు, అది చెప్పిన సైన్ విలువ కరెక్టే! మోడ్ బటన్ నాలుగుసార్లు నొక్కితే డెగ్, రాడ్, గ్రా అని వస్తాయి, 1 నొక్కితే డిగ్రీల్లోకి వచ్చేస్తుంది. ఎవరి చేతుల్లోంచో వచ్చిన కాలిక్యులేటర్ అయితే ముందు షిఫ్ట్, మోడ్, 3, ఈక్వల్స్ కొట్టి మొత్తం రీసెట్ చేసేయడం మేలు, మెమరీలో దాచినవి కూడా పోతాయి, పోనీ.

అలాగని ఎప్పుడూ డిగ్రీల్లోనే ఉంచుదామంటే కుదరదు. ఏసీ (ఆల్టర్నేటింగ్ కరెంట్) సర్క్యూట్లలో సైన్ 314టీ అని ఉంటుంది చూడండి, టీ అంటే సెకన్లలో టైమ్, ఆ 314 రేడియన్లలో లెక్క. మన 50 హెర్ట్జ్ సప్లైలో సున్నా నుంచి మొదలైన వేవ్ 5 మిల్లీసెకన్లకి పీక్‌కి చేరాలి, అంటే సైన్ (314 × 0.005) దాదాపు 1 రావాలి. డిగ్రీ మోడ్‌లో కొడితే 0.0274 వస్తుంది. అందుకే ఏ ప్రాబ్లమ్‌కైనా ముందు ఆ చిన్న అక్షరం డిగ్రీల ‘డీ’నా, రేడియన్ల ‘ఆర్’ ఆ అని చూస్తాను, ఇప్పటికీ.

ఇంకోటి, ఎక్స్‌ప్ బటన్. 1 కూలూంబ్ చార్జ్‌కి ఎన్ని ఎలక్ట్రాన్లో కనుక్కోవడానికి 1 ని 1.6 ఇంటూ 10 పవర్ మైనస్ 19 తో భాగించాలి. చాలామంది ఉన్నదున్నట్టు 1 ÷ 1.6 × 10 పవర్ మైనస్ 19 అని కొట్టేస్తారు. అది ఎడమ నుంచి కుడికి చేసుకుంటూ పోయి ముందు 0.625 తెచ్చి, దాన్ని 10 పవర్ మైనస్ 19 తో గుణించి 6.25 ఇంటూ 10 పవర్ మైనస్ 20 చూపిస్తుంది. ఒక ఎలక్ట్రాన్ కూడా లేదన్నమాట! 1.6 తర్వాత ఎక్స్‌ప్ కొట్టి, బ్రాకెట్లో మైనస్ ఉన్న బటన్ నొక్కి 19 వేస్తే మొత్తాన్నీ ఒకే సంఖ్యగా తీసుకుంటుంది, 10 పవర్ 18 లో వస్తుంది జవాబు.

అసలు పండగ సెకండియర్లో. ఈసెట్ రాసి డిప్లొమా నుంచి వచ్చిన కుర్రాళ్లకి ఇది కొట్టిన పిండి. నేను ఇంపీడెన్స్‌కి (ఏసీ సర్క్యూట్లో కరెంట్‌కి ఉండే మొత్తం అడ్డు) రూట్, టాన్ ఇన్వర్స్ అంటూ విడివిడిగా చేస్తుంటే పక్కనున్నవాడు ‘ఒరేయ్, కాంప్లెక్స్ మోడ్ పెట్టుకుని ఇదేం కష్టంరా’ అని లాక్కున్నాడు. మోడ్, 2 కొట్టాడు. ఆ మోడ్‌లో ఇంజ్ (ENG) బటనే ‘ఐ’ అవుతుంది, అంటే రూట్ మైనస్ 1, ఎలక్ట్రికల్‌లో మనం రాసే ‘జే’ అన్నమాట. 230 వోల్టుల్ని బ్రాకెట్లో పెట్టిన 3 ప్లస్ 4ఐ ఇంపీడెన్స్‌తో భాగించి, షిఫ్ట్ ప్లస్ కొట్టి ఈక్వల్స్ నొక్కితే 46 ఆంపియర్లు. షిఫ్ట్ ఈక్వల్స్ కొడితే దాని కోణం, మైనస్ 53.13 డిగ్రీలు. అంతే! పేపర్ మీద సగం పేజీ పట్టే పని. పనయ్యాక మోడ్, 1 కొట్టి మామూలు మోడ్‌కి వచ్చేయాలి.

క్వాడ్రాటిక్‌లకి ఈక్వేషన్ మోడ్ కూడా ఉంది గానీ పరీక్షలో స్టెప్పులు రాయకపోతే మార్కులు వేయరు, సరిచూసుకోవడానికే వాడేవాణ్ణి.

ఇంత నేర్చుకున్నాక ఎంటెక్ ప్రవేశానికి రాసే గేట్‌కి ప్రిపేర్ అవుదామని కూర్చుంటే, అక్కడ సొంత కాలిక్యులేటర్ తీసుకెళ్లనివ్వరు. స్క్రీన్ మీద వర్చువల్‌ది ఇస్తారు, మౌస్‌తో నొక్కాలి. అందులో సైన్ కావాలంటే ముందు 30 కొట్టి తర్వాత సైన్ నొక్కాలి, నా చేతికి అలవాటైనదానికి తలకిందులు. కాంప్లెక్స్ మోడ్ లేదు కాబట్టి మళ్లీ రూట్, టాన్ ఇన్వర్సే. గేట్ రాసేవాళ్లు మాక్ టెస్టులు మొదటి నుంచీ ఆ వర్చువల్‌దానితోనే చేయండి.