అందరికీ ఒకే ఆరు నంబర్లు

కొర్లగుంటలో మధ్యాహ్నం నుంచీ వాన. అయినా నలుగురూ వచ్చారు. డైస్ వేస్తూ, తలా ఒక పాత్రగా కథ నడిపించుకునే డంజన్స్ అండ్ డ్రాగన్స్‌లో కొత్త ఆటకి ఈరోజు క్యారెక్టర్లు తయారు చేసుకోవాలి. ఒక్కో క్యారెక్టర్‌కి బలం, తెలివి, వివేకం లాంటి ఆరు గుణాలు, ఒక్కోదానికి ఒక స్కోరు. ఆట నడిపేది నేనే కాబట్టి స్కోర్లు ఎట్లా తీయాలన్న టెన్షన్ కూడా నాదే.

పోయిన ఆటలో ఎవరి స్కోర్లు వాళ్ళే వేసుకున్నారు. నాలుగు డైస్ వేసి, అన్నిట్లో తక్కువది తీసేసి, మిగతా మూడూ కూడడం. 1979లో వచ్చిన రూల్స్ పుస్తకం డంజన్ మాస్టర్స్ గైడ్‌లోనే ఈ పద్ధతి ఉంది. సగటున 12 పైచిలుకు వస్తుంది, కానీ ఆరంటే ఆరుసార్లు వేస్తే సగటు ఎక్కడ నిలబడుతుంది? ఎదురింటి అన్నకి 18 పడింది, మా ఆఫీసు అమ్మాయికి పెద్దదే 13. ఏ పని చేయాలన్నా ఇరవై ముఖాల డైస్ వేసి, పడినదానికి స్కోరును బట్టి వచ్చే ప్లస్ కలుపుతాం. ఆయనకి ప్లస్ 4, ఆమెకి ప్లస్ 1. ఆ డైస్ మీద మూడు తేడా అంటే నూటికి పదిహేను పాళ్ళు, అదీ వేసిన ప్రతిసారీ. తలుపు పగలగొట్టాలన్నా, రాక్షసుణ్ణి కొట్టాలన్నా అందరూ అన్న వైపే చూసేవాళ్ళు. ఆ అమ్మాయి మెల్లమెల్లగా ఫోన్‌లోకి వెళ్ళిపోయింది. అది చూస్తే నాకు ప్రాణం ఉసూరుమనేది.

తక్కువ స్కోరు రావడం తప్పేం కాదు. 1974లో ఈ ఆట తొలిసారి వచ్చినప్పుడు మూడే డైస్, సగటు 10.5, 18 పడాలంటే 216లో ఒక్క ఛాన్స్. అయితే అప్పట్లో స్కోర్ల వల్ల కలిసొచ్చేదీ కొంచెమే. ఇప్పుడు ప్రతి రెండు పాయింట్లకీ ఒక ప్లస్ వస్తుంది. ఒకే బల్ల దగ్గర కూర్చున్నవాళ్ళ మధ్య అంత తేడా ఉండటమే నాకు నచ్చదు.

మా చిన్నమ్మ కొడుకు మాత్రం "పాయింట్లతో కొనుక్కుందాం అక్కా, గొడవే ఉండదు" అన్నాడు. తలా 27 పాయింట్లు, వాటితో స్కోర్లు కొనుక్కోవడం, ఏ స్కోరైనా 8 నుంచి 15 లోపే. పుస్తకంలో రెడీగా ఇచ్చిన 15, 14, 13, 12, 10, 8 కూడా కొనే ధర లెక్కేస్తే సరిగ్గా 27కే వస్తుంది. న్యాయమే, కాదనను. కానీ ఫైటర్ ఎవరు చేసినా ఒకే అచ్చులో వస్తాడు, పైగా డైస్ చేతిలో పట్టుకుని ఊపే ఆ సంబరం ఎక్కడిది?

అందుకే ఈసారి అందరం కలిసి ఒక్క సెట్టే వేశాం. స్టీలు తాంబాళంలో టవల్ పరిచి, బొరుగులు పక్కకి జరిపి, వంతులేసుకుని ఆరుసార్లు విసిరాం. ఆఫీసు అమ్మాయి వంతుకి రెండు ఆర్లు, ఒక ఐదు, ఒక ఒకటి పడ్డాయి. ఒకటి తీసేస్తే 17! ఆ ఇంటెడు అరుపులకి అమ్మ వంటింట్లోంచి "ఏందే అది?" అని పరిగెత్తుకొచ్చింది. చివరికి 17, 14, 13, 12, 9, 7 తేలాయి. ఇవే అందరికీ, ఎవరికి ఎక్కడ కావాలో అక్కడ పెట్టుకోవచ్చు.

అసలు మజా ఆ 7తోనే వచ్చింది. అన్న తన ఫైటర్‌కి తెలివిలో పెట్టాడు. తమ్ముడు తన మాంత్రికుడికి బలంలో పెట్టి, మూటలు మోసేది ఎవరని అప్పుడే బేరం మొదలుపెట్టాడు. ఆ అమ్మాయి చాలాసేపు ఆలోచించి తన దొంగకి వివేకంలో పెట్టింది, "ఎవరేం చెప్పినా నమ్మేస్తుంది ఇది" అంటూ కాగితం నిండా రాసుకుంది. వచ్చే ఆదివారం ఆ దొంగకి అబద్ధాలు చెప్పే వ్యాపారి ఒకణ్ణి నేను ఇప్పుడే తయారు చేయాలి.