ఎల్డొరెట్ డ్యూటీ చార్టు

నైరోబీ నుంచి పశ్చిమ కెన్యాలోని ఎల్డొరెట్‌కు విమానంలో గంట కూడా పట్టదు. నేను మాత్రం కారులో వెళ్లాను. సుమారు 310 కిలోమీటర్ల దారి. రిఫ్ట్ లోయను కళ్లారా చూడాలన్నది చాలా ఏళ్ల నాటి కోరిక. లిమూరు దాటిన కాసేపటికి ఎడమవైపు నేల ఉన్నట్టుండి మాయమైంది. ఎక్కడో పాతాళంలో పొలాలు, వాటి నడుమ లోంగొనోట్ అగ్నిపర్వతం. గట్టు మీద గొర్రె తోళ్లు అమ్మేవాళ్ల పక్కన నిలబడి ఎంతసేపు చూశానో నాకే తెలియదు.

నకూరు తర్వాత మళ్లీ ఎక్కుడు. టింబొరోవా చుట్టుపక్కల రోడ్డు దాదాపు 2,700 మీటర్ల ఎత్తుకు చేరుతుంది. భూమధ్యరేఖను దాటేదీ ఆ ప్రాంతంలోనే. బోర్డు దగ్గర కారు దిగితే ఆగస్టు వాన, పొగమంచు, ఎముకలు కొరికే చలి. భూమధ్యరేఖ అనగానే మండుటెండ తప్ప మరొకటి ఊహించుకోని నాకు అది వింతగానే ఉంది. అక్కడి నుంచి మొక్కజొన్న చేల మధ్యగా దిగుకుంటూ సాయంత్రానికి ఊరు చేరాను. ఎల్డొరెట్‌ను స్థానికులు ముద్దుగా ‘సిసిబో’ అంటారు. అరవైనాలుగుకు ఇంగ్లిష్‌లో వాడే మాట వాళ్ల నోట అలా మారింది. వలస పాలకులు పొలాలకు నంబర్లు వేసిన రోజుల్లో, 64వ నంబరు పొలంలో పెట్టిన పోస్టాఫీసు చుట్టూ ఈ ఊరు పెరిగింది.

నేను వెళ్లింది ఒక దరఖాస్తు పని మీద. నేను పాఠాలు చెప్పే కాలేజీకి, అక్కడి ఒక పిల్లల వైద్య విభాగానికి మధ్య అధ్యాపకుల మార్పిడి జరగాలి. మా వాళ్లు అక్కడికి, వాళ్లు మా దగ్గరికి. దానికి డబ్బివ్వడానికి ఒక నిధి సంస్థ సుముఖంగా ఉంది. వారం రోజులు అక్కడే ఉండి, ఇరువైపులా కూర్చుని బడ్జెట్ రాసుకురావాలి. నా సంచిలో ఒక బడ్జెట్ నమూనా అప్పటికే ఉంది. టికెట్లు, వీసా, బీమా, వసతి, రోజువారీ భత్యం. ఐదు వరుసలు. అంతకు మించి ఏముంటుంది అనుకున్నాను.

ఈ పనికి ఎల్డొరెట్‌ను మించిన ఊరు దొరకదు. కెన్యాలో రెండో వైద్య కళాశాల ఇక్కడి మోయీ విశ్వవిద్యాలయంలో 1989లో మొదలైంది. అప్పటి నుంచే అమెరికాలోని ఇండియానా విశ్వవిద్యాలయంతో దానికి బంధం ఉంది. మోయీ వైపు హరూన్ మెంగెచ్, ఇండియానా వైపు జో మామ్లిన్ వంటివారు ఆ బంధాన్ని నిలబెట్టారు. ఇండియానా అధ్యాపకులు ఇక్కడ కాపురం ఉండి వార్డుల్లో పాఠాలు చెప్పారు, ఇక్కడి విద్యార్థులు, వైద్యులు అక్కడికి వెళ్లి వచ్చారు. మొదటి పదేళ్లూ పెద్ద ప్రాజెక్టు లేదు, పెద్ద డబ్బూ లేదు. తర్వాత వార్డులు ఎయిడ్స్ రోగులతో నిండిపోయాయి. 2001లో ఆ బంధం నుంచే ‘ఆంపాత్’ అనే ఎయిడ్స్ చికిత్సా కార్యక్రమం పుట్టింది. 2003లో అమెరికా విదేశాల్లో ఎయిడ్స్ చికిత్స కోసం ‘పెప్‌ఫార్’ పథకం ప్రకటించాక మందులకు నిధులు వచ్చాయి. పశ్చిమ కెన్యా అంతటా చికిత్సా కేంద్రాలు వెలిశాయి. ఆ నిధులు వచ్చేనాటికి పని తెలిసినవాళ్లు, ఒకరినొకరు నమ్మేవాళ్లు అక్కడ సిద్ధంగా ఉన్నారు. డబ్బు రోగం పేరు చెబితే వస్తుంది, పాఠం పేరు చెబితే రాదు. కానీ పాఠం చెప్పేవాళ్లు ముందు లేకపోతే ఆ రోగం డబ్బు ఎవరి చేతుల మీదుగా ఖర్చవుతుంది?

నేను వెళ్లింది 2025 ఆగస్టులో. ఆ జనవరిలోనే అమెరికా విదేశీ సాయాన్ని ఆపేసింది. జూలై 1 నాటికి ఆ సాయాన్ని నడిపే యూఎస్‌ఎయిడ్ అనే సంస్థే విడిగా లేకుండా పోయింది. బ్రిటన్ కూడా తన సాయాన్ని 2027కల్లా జాతీయాదాయంలో 0.3 శాతానికి తగ్గిస్తానంది. ఊళ్లో ఏ వైద్యుడితో మాట్లాడినా మాట చివరికి అటే వెళ్లేది. ఆ నెలల్లో మార్పిడి కార్యక్రమానికి డబ్బు అడగడం తగునా అని నాకే ఒక రాత్రి అనిపించింది.

ఆ సందేహాన్ని విభాగాధిపతి ముందుంచాను. ఆవిడ పిల్లల వైద్యురాలు. తక్కువ మాట్లాడే మనిషి. జవాబు చెప్పకుండా నన్ను తన గది తలుపు వెనక్కి తీసుకెళ్లారు.

అక్కడ గోడకు డ్యూటీ చార్టు అంటించి ఉంది. అడ్డంగా తేదీలు, నిలువుగా పేర్లు, అన్నీ ముద్రించినవి. ఒక పేరు మీద స్కేలు పెట్టి నెల పొడవునా గీత కొట్టారు. ఆ వరుసలో ప్రతి రాత్రి డ్యూటీ గడిలోనూ పెన్సిల్‌తో రెండేసి అక్షరాలున్నాయి. ఆ డ్యూటీ ఎవరు చేస్తారో వాళ్ల పొడి అక్షరాలు. ఒకరివే నాలుగు రాత్రులు కనిపించాయి. ఆవిడవి మూడు. పదిహేడో తేదీ గడిలో రాసి, తుడిచి, మళ్లీ రాసి, మళ్లీ తుడిచి కాగితం పలచబడిపోయింది. గోడ రంగు అందులోంచి నీడలా కనిపిస్తోంది.

ఆ గీత కింద పేరున్న వైద్యురాలు మూడు నెలలుగా వేరే దేశంలో మార్పిడి కార్యక్రమంలో ఉంది. నవజాత శిశువులకు శ్వాస అందించే పద్ధతుల్లో శిక్షణ. ఆమె టికెట్టుకు, గదికి, బీమాకు ఒక నిధి డబ్బిచ్చింది. ఆమె రాత్రుల్ని పంచుకున్న ఐదుగురికి ఎవరూ ఒక్క షిల్లింగు ఇవ్వలేదు. బదులు వైద్యుణ్ని పెట్టుకోవడానికి అడిగితే స్థానిక జీతాలు తమ పరిధిలోకి రావన్నారట.

“తిరిగొచ్చాక ఆమె మాకు చాలా నేర్పుతుంది. వెళ్లమన్నది నేనే. కానీ వచ్చే ఏడాది ఇంకొకరిని పంపమంటే ఈ ఐదుగురి ముఖాలు చూడాలి కదా” అన్నారు ఆవిడ.

నా నమూనాలోని ఐదు వరుసలూ ప్రయాణించే మనిషివే. ఆ మనిషి వదిలి వెళ్లే కుర్చీకి అందులో చోటే లేదు. ధనిక దేశపు విశ్వవిద్యాలయంలో ఒకరు నెల రోజులు లేకపోతే సర్దుకునేందుకు పదిమంది ఉంటారు. నలుగురైదుగురితో నడిచే విభాగంలో ఒకరు వెళ్లడమంటే నాలుగోవంతో ఐదోవంతో వెళ్లిపోవడం. అందుకే చాలా ‘మార్పిడుల్లో’ వచ్చేవాళ్లే తప్ప వెళ్లేవాళ్లు కనిపించరు. దాన్ని మార్పిడి అనడం నాకు ఇష్టం లేదు.

వచ్చేవాళ్ల వల్ల పని తగ్గుతుందా పెరుగుతుందా అని అడిగాను. “మొదటి రెండు వారాలు పెరుగుతుంది. మూడో వారం సరికి సరి. నాలుగో వారం వాళ్లు వెళ్లిపోతారు” అన్నారు. ఆగి, “వచ్చినవాళ్లే మళ్లీ వస్తే అలా కాదు” అని చేర్చారు.

అదెంత నిజమో చూపే ఉదాహరణలున్నాయి. 2003లో ఇథియోపియాలో సుమారు 7 కోట్ల జనాభాకు 11 మంది మానసిక వైద్యులే ఉండేవారు. ఆ చదువు కోసం విదేశాలకు వెళ్లినవారిలో చాలామంది తిరిగి రాలేదు. అప్పుడు అడిస్ అబాబా, టొరంటో విశ్వవిద్యాలయాలు కలిసి దారి మార్చాయి. విద్యార్థులు కదలరు, గురువులే కదులుతారు. టొరంటో నుంచి ఏటా మూడుసార్లు, నెల చొప్పున అధ్యాపకులు వచ్చి అక్కడే పీజీ చదువు చెప్పారు. ఘనాలో 1989లో కార్నెగీ సంస్థ సాయంతో ప్రసూతి వైద్యంలో పీజీ శిక్షణ మొదలైంది. అమెరికా, బ్రిటన్ అధ్యాపకులు వెళ్లి తోడ్పడ్డారు. అక్కడ చదివినవారు దాదాపు అందరూ ఘనాలోనే ఉండిపోయారు. ఇవేవీ ఒకటి రెండేళ్ల గ్రాంటుతో అయ్యేవి కావు. మా నిధి ఇస్తానన్నది రెండేళ్లకే.

మిగతా రోజులు లెక్కలతోనే గడిచాయి. పాలతో మరగబెట్టిన చిక్కటి టీ గంటకోసారి వచ్చేది. ఓవర్‌హెడ్ దగ్గర ఒక పూటంతా ఆగిపోయాం. ఓవర్‌హెడ్ అంటే గ్రాంటును నడిపే ఆఫీసు ఖర్చు. కరెంటు, లెక్కలు రాసే మనిషి, ఆడిట్. అమెరికా జాతీయ ఆరోగ్య సంస్థ తమ దేశపు విశ్వవిద్యాలయాల్లో చాలావాటికి దీనికింద అసలు పని ఖర్చు మీద 50 శాతం పైనే ఇస్తూ వచ్చింది. విదేశీ సంస్థలకు ఇచ్చేది 8 శాతం. 2025 ఫిబ్రవరిలో స్వదేశంలో దీన్ని 15కు తగ్గించబోతే ప్రయోగశాలలు మూతపడతాయని విశ్వవిద్యాలయాలు కోర్టుకెక్కాయి, కోర్టులు ఆపాయి. వాళ్ల భయం న్యాయమైనదే. మరి 8 శాతంతో ఏళ్లుగా నెట్టుకొస్తున్నవారి ఆఫీసు ఎలా నడుస్తుంది? ఆ విభాగంలో గ్రాంటు లెక్కలు చూసేది ఒక గుమస్తా. సాయంత్రం ఐదు దాటాక వాటిని ముందేసుకుంటాడు.

దీన్ని తిరగేసిన దేశం రువాండా. 2012లో మొదలైన వైద్య మానవ వనరుల కార్యక్రమంలో అమెరికా నిధులు నేరుగా రువాండా ప్రభుత్వానికి చేరాయి. ఏ అధ్యాపకులు కావాలో ఆ ప్రభుత్వమే నిర్ణయించి, 20కి పైగా అమెరికా సంస్థలతో ఒప్పందాలు చేసుకుంది. వాటి ఓవర్‌హెడ్‌ను 7 శాతానికి కట్టడి చేసింది. అన్నీ అనుకున్నట్టే సాగాయని అనను. కానీ డబ్బు ఎవరి చేతిలో ఉంటే ప్రశ్నలు అడిగే హక్కూ వాళ్లదే అవుతుందని అక్కడ రుజువైంది.

నాలుగో రోజు ఒక యువ వైద్యుడు తన పాస్‌పోర్టు తెచ్చి చూపించాడు. కిందటేడు అతనికి ఒక విదేశీ ఆస్పత్రిలో ఆరు వారాల అవకాశం వచ్చింది. వీసా ఇంటర్వ్యూ తేదీ కార్యక్రమం అయిపోయిన తొమ్మిది రోజులకు దొరికింది. ఆ ఏడాది ఖర్చు కాని డబ్బు నిధికి వెనక్కి వెళ్లిపోయింది. ఖాళీ పేజీలు తిప్పుతూ “తప్పు ఎవరిదో చెప్పలేను” అన్నాడు. అతను చెప్పలేకపోయినా నాకు కోపం వచ్చింది. ఈ ప్రయాణానికి నాకు వీసా లాంటి అనుమతి ఫోనులోనే, కొద్ది రోజుల్లోనే దొరికిందన్న సంగతి అతని ముందు నోరు దాటలేదు. మిగిలిన డబ్బును మరుసటి ఏడాదికి మళ్లించే వీలుండాలన్న వాక్యం ఆ రాత్రే దరఖాస్తులో రాశాను.

చివరి రోజుకు బడ్జెట్‌లో ఎనిమిది వరుసలయ్యాయి. అన్నిటికన్నా పైన బదులు వైద్యుడి జీతం. వెళ్లే ప్రతి మనిషికీ, వెళ్లే ప్రతి నెలకూ. కాలం రెండేళ్లకు బదులు ఐదేళ్లు అడిగాం. మా వైపు నుంచి వెళ్లేవాళ్లు ఇద్దరే, మళ్లీ మళ్లీ ఆ ఇద్దరే. మొత్తం పెరగకూడదు కాబట్టి మా ప్రయాణాలు సగానికి తగ్గించాం. మా కాలేజీలో దీనికి కొందరు నొచ్చుకున్నారు. వాళ్లకు డ్యూటీ చార్టు ఫొటో చూపించాను.

నెల తిరగకుండానే నిధి సంస్థ నుంచి ప్రశ్న వచ్చింది. మొదటి వరుస నిబంధనల్లో లేదు, వివరణ ఇవ్వండి అని. విభాగాధిపతికి పంపాను. ఆవిడ రెండు పేజీల జవాబు రాసి, దానికి ఆ నెల డ్యూటీ చార్టునే జత చేశారు. విదేశం నుంచి ఆ వైద్యురాలు తిరిగొచ్చేసింది. ఆమె వరుసలో ఇప్పుడు గీత లేదు. పదిహేడో తేదీ రాత్రి ఆమెదే.