చిటికెన వేలికి చోటు: బేర్‌ఫుట్ బూట్లు ఎంచుకోవడంలో నా అనుభవం

మూడేళ్లు తొడిగిన బూట్లు పారేసే ముందు లోపలి ఇన్‌సోల్ బయటికి లాగి చూశాను. మడమ గుర్తు ఉంది. బొటనవేలి గుర్తు ఉంది. దాని పక్కన మూడు వేళ్లూ కలిసిపోయిన నల్లటి మరక. చిటికెన వేలి గుర్తు మాత్రం లేదు. ఇన్నాళ్లూ ఆ వేలు ఇన్‌సోల్ మీద ఆననేలేదు, పక్కనున్న తోలును ఒరుసుకుంటూ ఉండిపోయింది. దాని మీద ఆనెకాయ ఎందుకు కాసిందో, సాయంత్రానికి వేళ్లు ఎందుకు తిమ్మిరెక్కేవో నాకు అప్పుడు అర్థమైంది. కొత్త బూట్లు కొన్నాళ్లు కరుస్తాయి, తర్వాత అవే సర్దుకుంటాయి అంటారు. నా విషయంలో సర్దుకున్నది బూట్లు కాదు, నా వేళ్లు.

వట్టి కాళ్లతో నడిచినట్టే ఉండేలా చేసే బేర్‌ఫుట్ బూట్ల గురించి అంతకు ముందే విని ఉన్నాను, కానీ అవి పరుగెత్తేవాళ్ల కోసం అనుకునేదాన్ని. రోజూ వేసుకునేందుకు చీలమండ దాకా వచ్చే తోలు బూట్లు కూడా ఆ పద్ధతిలో చేస్తారని తర్వాత తెలిసింది. వాటి లక్షణాలు చెప్పడానికి తేలికే. వేళ్ల దగ్గర వెడల్పు ఉంటుంది. మడమ, మునివేళ్లు ఒకే ఎత్తులో ఉంటాయి, దీన్నే జీరో డ్రాప్ అంటారు. మామూలు పరుగు బూట్లలో చాలావాటికి మడమ 10 మిల్లీమీటర్ల దాకా ఎత్తుగా ఉంటుంది. ఇక సోల్ పలుచగా, ఎటు వంచితే అటు వంగేలా ఉంటుంది, పాదం వంపు కింద ఎత్తు పెట్టరు. చెప్పినంత తేలిగ్గా ఎంపిక జరగలేదు. నాకు సరిపోయిన జత దొరికేసరికి రెండు జతలు వెనక్కి పంపాను.

మొదటి జత తప్పు పూర్తిగా నాదే. పాత బూట్ల నంబరే చూసి తెప్పించాను. వెడల్పు బాగుంది కానీ బొటనవేలు ముందు గోడకు తగిలింది. అది చూసి మా అక్క, "నీ పాదం కొలత నీకు తెలుసా అసలు?" అంది. తెలియదు. ఆ సాయంత్రం గోడకు ఆనించి కాగితం పరిచి, దాని మీద నన్ను నిలబెట్టింది. కూర్చుని గీస్తానంటే ఒప్పుకోలేదు. ఆ పట్టుదల సరైనదే. ఒంటి బరువు పడినప్పుడు పాదం సాగుతుంది, వెడల్పవుతుంది. పొద్దుటికంటే సాయంత్రం కాస్త ఉబ్బి కూడా ఉంటుంది. పెన్సిల్ వాల్చకుండా నిటారుగా పట్టుకుని చుట్టూ గీసింది. వాలిస్తే గీత పాదం కిందికి పోయి కొలత తగ్గిపోతుంది.

కుడి పాదం 246 మిల్లీమీటర్లు, ఎడమది 241. వెడల్పు 101. ఆ కాగితాన్ని గీత వెంట కత్తిరించి, పాత ఇన్‌సోల్ మీద పెట్టాం. రెండు వైపులా కాగితం బయటికి పొడుచుకొచ్చింది. అక్క ఏమీ అనలేదు, కత్తెర పక్కన పెట్టి నా చిటికెన వేలు పట్టుకుని చూసింది.

నంబర్ల సంగతి అప్పుడే చదివాను. యూరప్ కొలతలో ఒక్కో నంబరుకు తేడా సుమారు 6.7 మిల్లీమీటర్లు. బ్రిటిష్ కొలతలో అంగుళంలో మూడో వంతు, అంటే దాదాపు 8.5. ఏ నంబరైనా ప్రధానంగా చెప్పేది పొడవే. పాదం ఆకారం గురించి, పైభాగం ఎత్తు గురించి ఒక్క ముక్క చెప్పదు. అసలు చూడాల్సింది లోపలి పొడవు, లోపలి వెడల్పు. పెద్ద పాదం కొలతకు 10 నుంచి 12 మిల్లీమీటర్లు కలిపితే నాకు కావలసిన లోపలి పొడవు వచ్చింది. నడిచేటప్పుడు పాదం ముందుకు సాగుతుంది, ఆ చోటు దానికి. ఇంకో విషయం, వెడల్పు ఎంత అన్నదే కాదు, ఎక్కడ అన్నది కూడా చూడాలి. కొన్ని బూట్లు వేళ్ల మొదళ్ల దగ్గర వెడల్పుగా ఉండి, ఆ వెంటనే మొన తేలతాయి. నా కాగితం పాదం వేళ్ల కొసల దగ్గరే అన్నిటికంటే వెడల్పు. "వైడ్" అని రాసి ఉన్నంత మాత్రాన సరిపోదని నాకు తెలిసింది అలాగే.

రెండో జత పొడవు, వెడల్పు రెండూ కుదిరాయి. వేసుకున్న రోజు ఇంట్లో అంతా తిరిగాను. అయినా మడమ పైకి లేస్తోంది. లేసులు ఎంత బిగించినా లాభం లేదు, బిగిస్తే పైన తోలు మడతపడి పాదం మీద గుచ్చుకుంటోంది. నా పాదం పైభాగం పల్చగా ఉంటుంది, ఆ బూటు ఎత్తయిన పాదాలకు చేసింది. మందపాటి ఇన్‌సోల్ వేస్తే సరిపోతుందేమో అనుకున్నాను, వేసి చూశాను కూడా. మడమ కాస్త ఆగింది గానీ వేళ్ల పైన చోటు తగ్గి గోరు ఒత్తుకుంది. చాలా మనసు పడి తెప్పించుకున్న జత అది. బాధతోనే వెనక్కి పంపాను.

చెప్పులకు, బూట్లకు తేడా నాకు బాగా తెలిసింది గొంతుక్కూర్చున్నప్పుడే. సోల్ ఎంత మెత్తగా ఉన్నా, చీలమండ చుట్టూ తోలు బిరుసుగా ఉంటే పాదం ముందుకు వంగదు, పై అంచు కాలి ఎముకకు గుచ్చుకుంటుంది. అందుకే మూడోసారి ముందు గొంతుక్కూర్చుని చూశాను, తర్వాతే నడిచాను. ఇన్‌సోల్ తీసి కింద తడిమాను కూడా, ఎందుకంటే బయటికి సమతలంగా కనిపిస్తూ లోపల మడమ కింద చిన్న ఎత్తు దాచిన బూట్లుంటాయి. ముందుభాగం పైకి తేలిపోయి వేళ్లను గాల్లో ఎత్తిపెట్టేవి కూడా నాకు వద్దనిపించాయి.

సోల్ మందం దగ్గర చాలా రోజులు ఊగిసలాడాను. 3, 4 మిల్లీమీటర్ల సోల్ వేసుకుంటే కింద గులకరాయి ఆకారం కూడా తెలుస్తుంది, అది నిజంగా ఆనందంగా ఉంటుంది. కానీ నేను గట్టి నేల మీద ఎక్కువ దూరం నడుస్తాను, చలిలో కూడా నడుస్తాను. పలుచటి సోల్ గుండా పాదంలోని వేడి నేలలోకి త్వరగా పోతుంది. చివరికి 8 మిల్లీమీటర్ల దగ్గర ఆగాను. చలికాలానికి ఉన్ని ఫెల్ట్ ఇన్‌సోల్ విడిగా ఉంచుకున్నాను, బూటు వేసి చూసేటప్పుడు దాన్ని పెట్టే చూశాను. మందపాటి సాక్సులు ఇరికించి కుక్కితే వేడి రాదు. పాదం చుట్టూ గాలి నిలిచే చోటు ఉండాలి. నీళ్లు దిగని పొర ఉన్నవి మానేశాను. అది బయటి నీటిని ఆపుతుంది, కానీ లోపలి చెమట త్వరగా ఆరదు, పైనుంచి నీళ్లు జారిపడితే ఆరడానికి రోజులు పడుతుంది. రోజూ వేసుకునేవాటికి మైనం పట్టించిన తోలే మేలని నా అభిప్రాయం.

మూడో జత నిలిచింది. తర్వాతి తొందరపాటు నడకలో జరిగింది. బేర్‌ఫుట్ పరుగు మీద 2010లో హార్వర్డ్ శాస్త్రవేత్త డేనియల్ లీబర్‌మన్ బృందం నేచర్ అనే సైన్సు పత్రికలో రాసిన పరిశోధన గురించి చదివాను. వట్టి కాళ్లతో పరుగెత్తడం అలవాటైనవాళ్లు ఎక్కువగా పాదం ముందుభాగం మీద దిగుతారని అందులో ఉంది. నేను దాన్ని నడకకు అన్వయించుకుని రెండు రోజులు మునివేళ్ల మీద నడిచాను. పిక్కలు రాళ్లలా బిగుసుకుపోయాయి. నడిచేటప్పుడు వట్టి కాళ్లతోనైనా మనిషి మడమే ముందు ఆనిస్తాడు. మార్చుకోవాల్సింది అది కాదు. నేను అడుగులు బారుగా వేసి మడమను నేలకేసి కొడుతున్నాను, పాత మెత్తటి బూట్లలో ఆ చప్పుడు నాకెప్పుడూ వినబడలేదు. అడుగు చిన్నది చేసుకున్నాక చప్పుడూ తగ్గింది, మడమ నొప్పీ తగ్గింది.

మొదటి వారం రోజుకు గంట, మిగతా సమయం పాత బూట్లే. పూర్తిగా మారడానికి నాకు మూడు నెలలు పట్టింది. 2013లో 36 మంది పరుగెత్తేవాళ్ల మీద జరిగిన ఒక అధ్యయనంలో, 10 వారాల్లో పలుచటి సోల్‌కు మారినవాళ్లలో సగం మందికి పైగా పాదం ఎముకల్లో వాపు ఎమ్మారైలో కనిపించింది. నాది నడకే అయినా అది చదివాక తొందరపడే ధైర్యం లేకపోయింది. ఇవి వేసుకుంటే రోగాలు పోతాయని చెప్పేవాళ్ల మాట కూడా నేను నమ్మను. వేళ్లు విడివిడిగా ఉండే బేర్‌ఫుట్ బూట్లు చేసే వైబ్రమ్ సంస్థ అలాంటి ఆరోగ్య ప్రకటనల మీద నడిచిన కేసులో, తప్పు ఒప్పుకోకుండానే, 2014లో 37.5 లక్షల డాలర్లకు రాజీపడింది. షుగర్ వల్ల పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్లు డాక్టర్‌ని అడగకుండా వీటి జోలికి పోకూడదు. కాలికి గాయమైనా వాళ్లకు తెలియదు.

ఎనిమిది నెలలైంది. నిన్న ఇన్‌సోల్ తీసి చూస్తే ఐదు వేళ్ల గుర్తులూ విడివిడిగా ఉన్నాయి, ఐదోది కొంచెం లేతగా. అక్కకు చూపించాను. తనకూ ఒక జత కావాలంది. రేపు సాయంత్రం తన పాదాలు గీయాలి. కాగితం సిద్ధంగా పెట్టాను.