నాలుగు కాంటాలు

మార్చి, ఆదివారం. రాత్రి పదిన్నర.

ఆదివారాలు దుకాణం తెరవనని ఇంట్లో మాటిచ్చి ఆరు నెలలైంది. ఇవాళ పొద్దున ఆరున్నరకే షట్టర్ ఎత్తాను. ఇంజినీరింగ్ పిల్లలు ఐదుగురు తమ రేసు బండిని డీసీఎంలో ఎక్కించుకుని వచ్చారు. నల్లగొండలో నా పని వీల్ అలైన్‌మెంట్, బ్యాలెన్సింగ్. రోజంతా కార్లు, బొలేరోలు. అంతకుముందు కోయంబత్తూరులో నాలుగేళ్లు రేసు బండ్ల దగ్గర స్పానర్ పట్టుకున్నానని వీళ్లకి ఎవరు చెప్పారో గాని, రెండు నెలలుగా వదలడం లేదు. నాకూ వదిలించుకోవాలని లేదనుకోండి.

"అన్నా, బండికి దయ్యం పట్టింది. ఎడమకు తిప్పితే ముందు తోస్కపోతది, కుడికి తిప్పితే వెనక జారుతది" అన్నాడు నడిపే పిల్లవాడు. కారణం కూడా వాళ్లే తేల్చుకుని వచ్చారు. వెనక వింగ్, అంటే గాలి ఒత్తిడితో బండిని నేలకి నొక్కే రెక్క, ఒకవైపు వంగిందట. దాని కోణం పెంచాలట. పెంచిన కోణం చాలకపోతే వింగ్ చివర నిలువుగా బిగించడానికి అల్యూమినియం ఎల్ పట్టీ కూడా కొనుక్కొచ్చారు, కిటికీలు చేసే దుకాణంలో. అది చూసి నవ్వొచ్చింది కానీ తప్పు పట్టలేను. 1971లో అమెరికా రేసు డ్రైవర్ డ్యాన్ గర్నీ చేసింది అదే. వింగ్ వెనక అంచుకి చిన్న పట్టీ నిలువుగా బిగిస్తే బండి నేలని మరింత గట్టిగా పట్టుకుంది. ఆ పట్టీకి ఇప్పటికీ ఆయన పేరే.

పట్టీ పక్కన పెట్టించి, ముందు నేల సంగతి చూద్దామన్నాను. ఐదు మొహాలూ వాడిపోయాయి.

వాళ్ల బండి నా అలైన్‌మెంట్ ర్యాంపు ఎక్కదు, చక్రాల మధ్య వెడల్పు చాలదు. అందుకని కింద షాబాద్ బండల మీదే పని. పక్క సందులో ఇల్లు కడుతున్న మేస్త్రీని అడిగి లెవల్ పైపు తెచ్చాను. నీళ్లు నింపిన సన్నటి ప్లాస్టిక్ పైపు, అంతే. దాన్ని మించిన పరికరం నేను చూడలేదు. నాలుగు చక్రాలూ ఆనే చోట్ల ఎత్తు కొలిచి, తక్కువైన చోట టైల్ ముక్కలూ రేకు ముక్కలూ పేర్చి, నాలుగూ ఒకే మట్టానికి తెచ్చేసరికి గంట పట్టింది. ఈలోగా ఒకడు ఫోన్‌లో వీడియోలు చూశాడు, ఇంకొకడు నిద్రపోయాడు.

ఆ మట్టం మీద నాలుగు కాంటాలు పెట్టాం. రేసు టీముల దగ్గర దీనికోసమే చేసిన తూనికలుంటాయి, ఖరీదు ఎక్కువ. నేను నిన్న రాత్రి మిర్యాలగూడ రోడ్డులోని మిల్లు నుంచి బస్తాలు తూచే ఎలక్ట్రానిక్ కాంటాలు నాలుగు అడిగి తెచ్చాను. టైర్లలో గాలి సరిచూసి, మలుపులో బండి ఒరగకుండా ఎడమ, కుడి చక్రాలని కలిపే కడ్డీ, యాంటీ రోల్ బార్, దాని లింకు విప్పేసి, నడిపే పిల్లవాణ్ణి హెల్మెట్‌తో సహా సీట్లో కూర్చోబెట్టాం. మనిషి లేకుండా తూస్తే ఆ అంకెలు ఎందుకూ పనికిరావు. కోయంబత్తూరులో మొదటి నెలలోనే ఆ తప్పు చేసి తిట్లు తిన్నాను.

ముందు ఎడమ 62, ముందు కుడి 71, వెనక ఎడమ 83, వెనక కుడి 72. మొత్తం 288 కిలోలు.

పిల్లలు ఎడమవైపు మొత్తం, కుడివైపు మొత్తం కూడి 145, 143 అని సంతోషపడ్డారు. "ఐమూలగా కూడండి" అన్నాను. కుడి ముందు, ఎడమ వెనక కలిపితే 154. మిగతా రెండూ కలిపితే 134. అంటే బండి కుంటి మంచంలా ఉంది. నులక మంచానికి ఒక కోడు పొట్టిదైతే బరువంతా ఐమూలగా రెండు కోళ్ల మీద పడి, మిగతా రెండూ తేలినట్టుంటాయి చూడండి, అదే. ఇలాంటి బండి ఎడమకు తిరిగేటప్పుడు ముందు పట్టు చాలక తోసుకుపోతుంది, కుడికి తిరిగేటప్పుడు వెనక పట్టు పోయి జారుతుంది. వాళ్లు చెప్పిన దయ్యం ఇదే. వింగ్‌కి దీంతో సంబంధం లేదు.

ఎందుకిలా అయిందని ఆరా తీస్తే, బండిని సరిచేసింది వాళ్ల వర్క్‌షాప్‌లో. అక్కడ కడిగిన నీళ్లు పోవడానికి మోరీ ఉంది. ముందు కుడి చక్రం సరిగ్గా ఆ మోరీ మూల మీద నిలబడింది. నేలంతా ఒకే వాలులో ఉంటే పెద్ద నష్టం లేదు. ఒక్క మూల దిగితేనే చిక్కు. ఆ మూల సెంటీమీటర్ దిగినా చాలు, వీళ్ల స్ప్రింగ్‌లకి ఒక్కో చక్రం మీద ఐదు కిలోల దాకా తేడా వస్తుంది. వీళ్లేమో ఆ గుంటకి తగ్గట్టు కుడి ముందు స్ప్రింగ్‌ని లేపి, అంకెలు కుదిరాయనుకున్నారు.

కుడి ముందు, ఎడమ వెనక స్ప్రింగ్ కాలర్లు, అంటే స్ప్రింగ్‌ని ఎత్తి దించే రింగులు, కొంచెం దించి, మిగతా రెండూ అంతే ఎత్తాం. నాలుగు చోట్లా కొంచెం కొంచెం తిప్పితే బండి ఎత్తు చెడదు. ఆరేడుసార్లు బండిని ఊపి, కిందికి నొక్కి, మళ్లీ తూస్తే 67, 66, 78, 77. ఐమూలగా 144, 144. ఈలలు వేశారు. నేనూ లోలోపల వేసుకున్నాను.

ఇంత జరుగుతున్నా ఒకడి కళ్లు వింగ్ మీదే. "కోణం పెంచితే నష్టమేముందన్నా, వెనక ఇంకా అంటుకుంటది కదా?"

రోజూ పొద్దున పేపర్ చదవడానికి దుకాణానికొచ్చే మా నాయన అప్పటిదాకా కుర్చీలోంచి కదల్లేదు. వింగ్ దగ్గరికొచ్చి అది వెనక చక్రాలకన్నా ఎంత వెనక వేలాడుతోందో చేత్తో కొలిచి చూశాడు. "గాలి దీన్ని కిందికి నొక్కుతదా? అయితే ముందు లేస్తది గదరా. బండిల బస్తాలు వెనక్కి ఎక్కువేస్తే కాడి లేచి ఎద్దుల మెడ పట్టేస్తది" అన్నాడు.

నాలుగేళ్లలో నేను నేర్చుకున్నది ఆయన ఒక్క మాటలో చెప్పేశాడు. ఇరుసుకి వెనక వేలాడే వింగ్ వెనక చక్రాలని నొక్కుతూనే ముందు చక్రాల బరువుని లేపుతుంది. వేగం పెరిగేకొద్దీ ముందు తేలికై, స్టీరింగ్ తిప్పినా బండి వినదు. అందుకే వెనక ఎంత పెంచితే ముందు వింగ్ కూడా అంతకు తగ్గట్టు పెంచాలి. పైగా ఈ పిల్లలు తిరిగే వేగమెంత? గంటకి 35 కిలోమీటర్లు. వాళ్ల కంప్యూటర్ లెక్క ప్రకారమే ఆ వేగంలో రెండు వింగులూ కలిసి ఇచ్చేది 12 కిలోలు. వేగం రెట్టింపై 70కి చేరితే నాలుగు రెట్లు, 48 కిలోలు. అది నిజంగా విలువైనదే, బండి మీద బస్తా వేయకుండానే టైర్ల మీద పడే బరువు కదా. బస్తా వేస్తే మలుపులో ఆ బస్తాని కూడా టైర్లే ఆపాలి, గాలితో ఆ బాధ లేదు. కానీ 12 కిలోల కోసం కొట్లాడుతూ ఐమూలగా 20 కిలోల తేడాని చూడకపోవడం ఏమిటి? ఎండ సంగతీ చెప్పాను. 38 డిగ్రీల్లో గాలి పలచబడుతుంది. 15 డిగ్రీల గాలితో పోలిస్తే ఏడు శాతం దాకా తక్కువ నొక్కుతుంది.

వినలేదు. వింగ్ ఫొటోలో బాగుంటుంది మరి.

మధ్యాహ్నం మిల్లుకి వెళ్లాం. యాసంగి వడ్లు ఇంకా రాలేదు, సిమెంటు కల్లం ఖాళీ. ఊక, దుమ్ము ఊడ్చి, మేకు కొట్టి, 7.6 మీటర్ల తాడుతో సున్నం వలయం గీశాం. ఈ పిల్లల పోటీల్లో బండి చుట్టూ తిరిగే వలయం లోపలి వెడల్పు 15.25 మీటర్లు. కల్లం పక్కన వేపచెట్టు పూత రాల్చుతోంది. అది కూడా టైర్ కింద పడితే జారుతుందని ఊడ్పించాను. పిల్లలు నన్ను చాదస్తుడనుకుని ఉంటారు.

మొదటి నాలుగు చుట్లు లెక్కలోకి తీసుకోలేదు, టైర్లు కల్లాన్ని శుభ్రం చేయడానికే సరిపోయాయి. తర్వాత ఒక్కో చుట్టుకి ఎడమకు 6.1 సెకన్లు, కుడికి 6.0. పోయిన వారం వర్క్‌షాప్ వెనక ఇదే వలయం గీసుకుని వాళ్లు రాసుకున్నవి 6.6, 6.3. నేల వేరు కాబట్టి ఆ సెకన్లని నమ్మను. ఇవాళ రెండువైపులకీ తేడా సెకనులో పదో వంతే, దాన్ని నమ్ముతాను. నేను ఎక్కువగా చెవులనే నమ్ముతాను. 2023 ఫిబ్రవరిలో హుస్సేన్‌సాగర్ ఒడ్డున ఫార్ములా ఈ అనే ఎలక్ట్రిక్ కార్ల రేసుకి వెళ్లినప్పుడు అలవాటైంది. ఇంజిన్ మోత లేకపోవడంతో మలుపుల్లో టైర్ల అరుపు విడిగా వినిపించింది. ఇవాళ రెండువైపులా అరుపు ఒకే తీరుగా ఉంది.

బండి ఆపగానే సూది థర్మామీటర్‌తో ముందు టైర్లు చూశాను. లోపలి అంచు 61, మధ్య 58, బయట 49. క్యాంబర్ ఎక్కువైంది, చక్రాల పైభాగం లోపలికి మరీ వాలింది. "ఇప్పుడే తిప్పేద్దాం, దాంతోపాటు టో కూడా" అన్నారు. టో అంటే పైనుంచి చూస్తే చక్రాల ముందు అంచులు లోపలికో బయటికో తిరిగి ఉండటం. వద్దన్నాను. రెండూ కలిపి మారిస్తే దేనివల్ల ఏమైందో రేపు ఎవరు చెప్తారు? క్యాంబర్ ఒక్కటే, అదీ వచ్చే ఆదివారం. ఇంట్లో ఈ మాట ఇంకా చెప్పలేదు.

పొద్దుగూకాక కాంటాలు దించడానికి మిల్లు లోపలికి వెళ్లాను. హమాలీ అన్న ఒక్కోటి ఎత్తి పెడుతూ మూడోదాని దగ్గర ఆగాడు.

"దీనితోని తూచినవా? ఇది కిలోన్నర ఎక్కువ జూపిస్తదే. మేం తీసేసి రాసుకుంటం."

నేలకి గంటసేపు లెవల్ పట్టినవాణ్ణి, ఒకే బస్తాని నాలుగు కాంటాల మీదా పెట్టి చూడాలన్న బుద్ధి మాత్రం పుట్టలేదు. కిలోన్నరతో ఆ బండికి పెద్దగా తేడా రాదని నాకు తెలుసు. అయినా ఇంటికొచ్చాక నోటుబుక్కు తీసి కూర్చున్నాను. అంకెలన్నీ ఉన్నాయి, గాలి ఎంతో ఉంది, ఎండ ఎంతో కూడా రాశాను. ఏ కాంటాని ఏ చక్రం కింద పెట్టామో మాత్రం రాయలేదు. పిల్లలకి మెసేజ్ పెట్టాను. ఇప్పటిదాకా వచ్చిన జవాబు ఒక్కటే, పట్టీ బిగించిన వింగ్ ఫొటో.