డిశ్చార్జి ఫైల్లో ఒక మాట

“బాలింతవు కదమ్మా, నిద్ర చాలక అట్లనిపిస్తుంది. కొంచెం గులిమి ఉంది. చుక్కలు వేసుకో, వారం తర్వాత రా.”

ఎడమ చెవి వినపడటం లేదని పోతే ఈ మాట అన్న డాక్టరు పేరు రాయను. మాట మాత్రం రాయకుండా ఉండలేను.

ఆ ముందురోజు కువైట్ నుంచి మా ఆయన ఫోన్ చేశారు. ఎప్పటిలాగే ఎడమ చెవికి పెట్టుకున్నాను. ఏమీ వినపడలేదు. సిగ్నల్ లేదేమో అనుకుని రెండుసార్లు కట్ చేసి మళ్ళీ చేశాను. కుడి చెవికి మార్చాక ఆయన గొంతు గట్టిగా వచ్చింది. “ఎన్నిసార్లు హలో అనాల?” అంటున్నారు. నొప్పి లేదు, జ్వరం లేదు. చెవిలో దూది కుక్కినట్టు ఉంది, లోపల కుక్కర్ బుసలాంటి హోరు.

మా అమ్మ లేదు కాబట్టి నా బాలింతతనం కడపలో అత్తగారింట్లోనే జరిగింది. బాబుకు అప్పటికి రెండు నెలలు. డాక్టరు చెప్పినట్టే మూడు రోజులు చుక్కలు వేసుకున్నాను.

నాలుగో రోజు రాత్రి బాబుకు పాలిచ్చి, కుడివైపు తిరిగి పడుకున్నాను. కుడి చెవి దిండులో ఉంది. ఎవరో భుజం పట్టి ఊపితే లేచాను. లైటు వెలుగుతోంది. అత్త చేతుల్లో బాబు ఎర్రగా కందిపోయి ఉన్నాడు.

“ఏమ్మా, బిడ్డ అంత ఏడుస్తాంటే వినపళ్ళేదా? పక్కింటోళ్ళు కూడా లేచినారు!”

ఆమె తిట్టలేదు, భయపడింది. నేను బాబును తీసుకున్నాను. కుడి చెవిని అరచేత్తో గట్టిగా మూసుకుని వాడి ముఖం చూశాను. నోరు తెరుచుకుని ఉంది, గొంతు కింద నరం ఉబ్బి ఉంది, చిన్న నాలుక వణుకుతోంది. ఏడుపు మాత్రం ఎక్కడో మూడు గోడల అవతల ఉన్నట్టుంది. ఆ ముఖం ఇప్పటికీ కళ్ళ ముందు నుంచి పోలేదు.

అత్త కాసేపు మాట్లాడలేదు. తర్వాత మెల్లగా, “వానికి కూడా ఇట్లనే ఉండదు కదా?” అంది. వంటింట్లోకి పోయి స్టీలు ప్లేటు, గంటె తెచ్చి వాడి తల వెనక కొట్టింది. బాబు ఉలిక్కిపడ్డాడు. “వినపడుతుందిలే” అంది కానీ ఇద్దరికీ ధైర్యం రాలేదు. తెల్లవారుజామున మూడు గంటలప్పుడు బాబు డిశ్చార్జి ఫైలు తీసి ఒక్కో కాగితం చదివాను. పుట్టాక పచ్చకామెర్లు ఎక్కువై నాలుగు రోజులు ఐసీయూలో నీలం లైటు కింద పెట్టారు. చివరి పేజీలో వినికిడి పరీక్ష గురించి ఒకే లైను ఉంది: కుడి చెవి పాస్, ఎడమ చెవి రిఫర్. ఇచ్చినవాళ్ళు ఒక్క మాట చెప్పలేదు. రిఫర్ అంటే ఆసుపత్రి మార్చినప్పుడు రాసేదేమో అనుకుని మేమూ వదిలేశాం.

పొద్దున్నే ఇంకో ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి పోయాం. ఆమె చేసిన మొదటి పని ట్యూనింగ్ ఫోర్క్ తీసి మోగించి, దాని కాడ నా నుదుటి మధ్య ఆనించడం. చల్లగా తగిలింది. “ఏ చెవిలో వినపడుతోంది?” అన్నారు. కుడి చెవిలో, అన్నాను. ఆమె ముఖం మారింది. గులిమి అడ్డమైతే ఆ మోత పాడైన చెవిలోనే గట్టిగా వినపడాలట. మంచి చెవిలో వినపడిందంటే దెబ్బ లోపలి చెవికో నరానికో అన్నమాట. అంతా కలిపి అర నిమిషం కూడా పట్టలేదు. ఆ అర నిమిషం మొదటి డాక్టరు ఎందుకు ఇవ్వలేదు?

అక్కడే ఆడియోమెట్రీ చేశారు. గోడలకు స్పాంజి అతికించిన చిన్న గది. చెవులకు హెడ్‌ఫోన్, చేతిలో మీట. “ఎంత సన్నగా వినపడినా నొక్కమ్మా, అనుమానంగా ఉన్నా నొక్కు” అని ఆడియాలజిస్టు అమ్మాయి తలుపు వేసింది. బొంగురు శబ్దం (250 హెర్ట్జ్) నుంచి కీచు శబ్దం (8000) దాకా, ఒక్కో చెవికి విడివిడిగా. మంచి చెవి సాయం రాకుండా అందులో హోరు పెట్టింది. కాగితం మీద నా కుడి చెవి ఎర్ర సున్నాలు 10, 15 డెసిబెల్స్ దగ్గర ఉన్నాయి. 25 లోపు ఉంటే మామూలేనట. ఎడమ చెవి నీలం ఇంటూ గుర్తులు 70 దగ్గరికి జారిపోయాయి. చివర్లో మాటలు వినిపించి తిరిగి చెప్పమంది. “పాలు” అంటే నేను “కాలు” అన్నాను. అక్కడ ఏడుపు ఆగలేదు.

స్టెరాయిడ్ మాత్రలు ఆ రోజే మొదలుపెట్టారు. పాలిచ్చే తల్లినని పిల్లల డాక్టరును అడిగి, మాత్ర వేసుకున్న నాలుగు గంటల తర్వాతే పాలివ్వమన్నారు. ఎంఆర్ఐలో గడ్డలాంటిదేమీ లేదు. తర్వాత కర్ణభేరి గుండా చెవి లోపలికి వారానికొకటి చొప్పున మూడు ఇంజెక్షన్లు. మొదటి రెండు వారాల్లో వస్తే ఫలితం బాగుంటుందని, ఇంకా ఆలస్యం చేయనందుకు సంతోషించమని అన్నారు. సంతోషించాను, ఆ మూడు రోజులు తలచుకుని కోపం కూడా వచ్చింది.

బాబు ఫైలు చూసి ఆ ఆడియాలజిస్టే కూర్చోబెట్టి చెప్పింది. రిఫర్ అంటే చెవుడు అని కాదు, మళ్ళీ పరీక్ష చేయాలని. పుట్టగానే చేసేది ఓఏఈ. చెవిలో చిన్న బుడిపె పెట్టి శబ్దం పంపితే, లోపలి చెవి బాగుంటే అది సన్నటి ప్రతిధ్వని తిరిగి పంపుతుంది. చెవిలో ఉమ్మనీరో మడ్డో మిగిలినా అది రాకపోవచ్చు. పైగా ఆ పరీక్ష లోపలి చెవి దాకానే. కామెర్లు ముదిరితే నరం దెబ్బతినే ప్రమాదం ఉంది, ఓఏఈ పాసైనా అది తెలియదు. అందుకే ఐసీయూలో ఉన్న పిల్లలకు బెరా, అంటే శబ్దం నరం గుండా మెదడు దాకా పోతోందా అని చూసే పరీక్ష, చేయాలట. నెలలోపు స్క్రీనింగ్, మూడు నెలల్లోపు నిర్ధారణ, లోపం ఉంటే ఆరు నెలల్లోపు మిషనో చికిత్సో మొదలు కావాలంది. మాకు మూడు వారాలే మిగిలాయి.

బెరాకు వాడు నిద్రపోవాలి. పాలు పట్టి నా ఒళ్ళోనే పడుకోబెట్టాను. నుదుటికి, చెవుల వెనక స్టిక్కర్లు అంటించి టిక్ టిక్ మని శబ్దం పంపుతుంటే స్క్రీన్ మీద అలలు వచ్చాయి. శబ్దం తగ్గిస్తూ పోయింది. 30 డెసిబెల్స్ దగ్గర కూడా రెండువైపులా అల నిలబడింది. పెన్సిల్‌తో చూపించి, “ఇదిగో, బాబు మెదడు విన్నది” అంది. ఆ అమ్మాయికి నేను జన్మంతా రుణపడి ఉంటాను. అత్త అప్పటికే దేవుని కడప స్వామికి ముడుపు కట్టింది, పెద్ద దర్గాలో దువా కూడా చేయించింది. ఎవరి దయో నేను లెక్క వేయను, అందరికీ దండం పెట్టాను.

చిన్నపిల్లల తల్లులకు ఒక మాట. ప్లేటు కొడితే, చప్పట్లు కొడితే బిడ్డ ఉలిక్కిపడ్డాడని ఊరుకోవద్దు. ఒక చెవి పూర్తిగా పోయినా ఇంకో చెవితో ఉలిక్కిపడతాడు. ఫైల్లో రిఫర్ అని ఉంటే ఆ వారమే అడగండి. మీకే ఒక చెవి హఠాత్తుగా మూసుకుపోతే నోరు మూసి “మ్” అని కూనిరాగం తీయండి. మోత మంచి చెవివైపు పోతే చుక్కలతో కాలం గడపొద్దు, ఆ రోజే ఆడియోమెట్రీ చేయించుకోండి.

మూడు నెలలకు నా ఎడమ చెవి 35 దాకా వచ్చింది. అంతకంటే రాలేదు. కరెంటు పోయి ఫ్యాన్ ఆగిన రాత్రుల్లో హోరు ఇప్పటికీ ఉంటుంది.

ఎనిమిదో నెలలో బాబును ఇంకోసారి చూపించడానికి తిరుపతి పోయాం. బయట ఒక నాలుగేళ్ళ పాప హెడ్‌ఫోన్ పెట్టుకుని, శబ్దం వినపడినప్పుడల్లా ఒక రింగు పుల్లకు వేస్తోంది. మావాడికి ఆ వయసు రాలేదు కాబట్టి గదిలో నా ఒళ్ళో కూర్చోబెట్టుకోమన్నారు. రెండువైపులా స్పీకర్లు, వాటి పక్కన అద్దాల డబ్బాల్లో బొమ్మలు. శబ్దం వచ్చిన వైపు పిల్లవాడు తిరిగితే బొమ్మ వెలిగి ఆడుతుంది. నన్ను కదలొద్దన్నారు.

మొదటి రెండు శబ్దాలు నాకూ వినపడ్డాయి. తర్వాత గది నిశ్శబ్దమైపోయింది. పరీక్ష ఆగిందేమో అనుకున్నాను. నా ఒళ్ళో బాబు ఒక్కసారిగా తల ఎడమకు తిప్పాడు. అద్దం వెనక కోతిబొమ్మ వెలిగి తాళాలు కొట్టడం మొదలుపెట్టింది.