పెయ్యదూడ ధర తల్లి పాల లెక్కలోనే ఉంది

గ్రేడెడ్ ముర్రా (నాటు గేదెకు తరతరాలుగా ముర్రా జాతి వీర్యం వేయించి పెంచుకున్న రకం) దూడను కొనేవాళ్లు కొమ్ము మెలిక, ఒంటి నలుపు చూశాక అడిగేది ఒక్కటే: తల్లి ఎన్ని లీటర్లు ఇచ్చింది? రాసిపెట్టిన లెక్క చూపిస్తే పలికే ధర వేరు, నోటిమాటకు పలికేది వేరు. కాబట్టి కొత్త గేదెలు కొనేముందు ఉన్నవాటిని కొలవండి. నెలకో రోజు రెండు పూటల పాలూ కొలిచి రాస్తే చాలు. రెండో ఈతలోనూ వెనకబడ్డ గేదెను తీసేయండి.

నాటు గేదెకు ముర్రా వీర్యం వేయిస్తే పుట్టే దూడలో సగం ముర్రా. దాని దూడలో 75 శాతం, ఆ తర్వాతి తరంలో 87.5. ఇందుకు పదేళ్ల దాకా పడుతుంది. మధ్యలో ఒక్కసారి ఊరి దున్నపోతు దాటినా లెక్క వెనక్కి పోతుంది. వీర్యం నింపిన సన్నటి గొట్టం (స్ట్రా) మీద ఆ దున్నపోతు నంబరు ఉంటుంది, రాసుకోండి. తల్లికి వేసిన నంబరే కూతురికీ వేస్తే దూడలు బలహీనంగా పుడతాయి, చూడి నిలవడమూ తగ్గుతుంది.

గేదెల్లో మూగ ఎద (అరుపుల్లేకుండా వచ్చే ఎద) ఎక్కువ, ఎండాకాలం మరీను. అరవకపోయినా పాలు తగ్గడం, మాటిమాటికీ మూత్రం, పడుకున్నప్పుడు మానం నుంచి జిగట తీగలు కనిపిస్తాయి. పొద్దున ఎద కనిపిస్తే సాయంత్రం, సాయంత్రం కనిపిస్తే మర్నాడు పొద్దున వీర్యం సూది వేయించాలి. స్ట్రాను 37 డిగ్రీల నీళ్లలో 30 సెకన్లు ఉంచాలి. అరచేతుల్లో రుద్ది కరిగిస్తే వీర్యకణాలు చస్తాయి. చూడి కట్టకపోతే నింద మాత్రం గేదె మీద పడుతుంది!

మాయ పడేదాకా జున్నుపాలు పట్టకూడదన్న మాట ఇంకా వినిపిస్తోంది. అది తప్పు. దూడ చీకితేనే మాయ త్వరగా పడుతుంది. 30 కిలోల దూడకు రోజుకు 3 లీటర్లు కావాలి, మొదటి విడత పుట్టిన రెండు గంటల్లోపే. బొడ్డుకు టింక్చర్ అయోడిన్ పూయాలి. ఏలికపాములు తల్లి పాల నుంచే వస్తాయి కాబట్టి పదో రోజుకల్లా పైపరజీన్ తాగించాలి. ఆలస్యమైతే మట్టిరంగు పారుడు, కుండ పొట్ట. 4–8 నెలల మధ్య పెయ్యలకు బ్రూసెల్లా టీకా ఒక్కసారే.

పడ్డకు (ఇంకా ఈనని, ఎదిగిన పెయ్యకు) 250 కిలోలు దాటాకే వీర్యం సూది. కాటా లేకపోతే టేపు చాలు: ఛాతీ చుట్టుకొలతను అంగుళాల్లో తీసుకుని దాన్ని దానితోనే హెచ్చించి, భుజం నుంచి పిరుదు ఎముక దాకా పొడవుతో (అదీ అంగుళాల్లోనే) మళ్లీ హెచ్చించి, 660తో భాగించండి. చుట్టు 60, పొడవు 46 అయితే సుమారు 251 కిలోలు.